చేతికి మప్పిన బిళ్ళ

మా డ్రిల్లు సారు చనిపోయాడు. శివరాత్రి దాటిన వారం, తెల్లవారి అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడట. కబురు వచ్చేసరికి నేను ఎనుముకు గడ్డి వేస్తున్నాను. గడ్డి అక్కడే పడేసి పోయాను.

నా పేరు పెద్ద నాగమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నాకు తెలియదు, ఆధారు కార్డులో ఉన్నది మాత్రం తప్పు. ఓర్వకల్లు దగ్గర గుండ్ల కింది పల్లె మాది. ఇంట్లో నేనూ, కోడలూ, ఒక ఎనుమూ. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. సారు బిళ్ళను నేను ఎత్తుకుపోయానని ఊరంతా అంటున్నారు. ఎత్తుకుపోయిన మాట నిజమే. ఎందుకో వినండి.

సారు హైస్కూల్లో పని చాలించాక మా గుండ్ల మధ్య కమ్మీలు పాతి, వాటికి సైకిల్ రిమ్ములు కట్టి, రిమ్ముల నుంచి గొలుసులు వేలాడదీశాడు. పళ్ళెమంత ప్లాస్టిక్ బిళ్ళను దూరం నుంచి విసురుకుంటూ వచ్చి ఆ గొలుసుల బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. దూరం పోయే బిళ్ళలు వేరు, బుట్ట దగ్గరకొచ్చాక వేసే బిళ్ళ వేరు. ఆ దగ్గరి బిళ్ళను సారు పట్టర్ అనేవాడు.

చికున్‌గున్యా వచ్చి పోయాక నా వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. డాక్టరు నడవమన్నాడు. అది విని సారు, "ఊరికే నడిస్తే నీకూ ఎనుముకూ తేడా ఏముండాదక్కా? బిళ్ళ ఇసురుకుంటా నడువు" అన్నాడు.

"ముడుచుకోని ఈ ఏళ్ళతో యాడ ఇసరాల సారూ?"

"ఏళ్ళకు తగిన బిళ్ళ చూసేది నా పని. వచ్చేది నీ పని."

వెళ్ళాను. పక్కింటి కాశింబీని కూడా లాక్కుపోయాను. చీరలు ఎగదోపుకుని గుండ్లు ఎక్కుతుంటే దారిన పోయేవాళ్ళు నవ్వేవారు. "ముసిలోళ్ళకు ఆటలేందే?" అని ఒకడు అరిస్తే, కాశింబీ బిళ్ళ దించకుండానే, "మేం ఆడితే నీకేం అరుగుతాండాదిరా?" అంది. మళ్ళీ వాడు ఆ దారిన రాలేదు.

కొత్త బిళ్ళలు వచ్చిన రోజు సారును చూడాల్సిందే. ఒక్కొక్కదాన్నీ రెండు బొటనవేళ్ళతో నడుమ నొక్కేవాడు, అంచు వంచి వదిలేవాడు. ఒకే అచ్చులో పోసినవైనా ఒకటి బిర్రుగా, ఒకటి మెత్తగా ఉంటాయట. బిర్రుది గొలుసును గుద్ది బయటికి ఎగురుతుంది. బండ మీద పడితే దొర్లుకుంటూ గుట్ట కిందికి పోతుంది. దాని వెనక దిగి మళ్ళీ ఎక్కాలంటే నా మోకాళ్ళు ఒప్పుకోవద్దూ? మెత్తది పడ్డచోటే కూర్చుంటుంది. అలాగని మరీ మెత్తది కూడా ఇచ్చేవాడు కాదు. "ఇది మన ఎండకు వడియాల పిండి అయితాదక్కా, వద్దు" అని పక్కన పెట్టేవాడు. ఎంచుకున్న బిళ్ళలను బండి సీటు మీద ఎండలో ఎప్పుడూ వదిలేవాడు కాదు. తడి తువ్వాల్లో చుట్టి నీడన పెట్టేవాడు.

ఎంత మెత్తదైనా కొత్తలో జారుతుంది, అంచు వేలిని కోస్తుంది. కొత్త చెప్పులకు పూసినట్టు నేను నా బిళ్ళకు ఆముదం పూశాను. విసరగానే అది చేతిలోంచి చేపలా జారి కంపచెట్లలో పడింది. సారు బండ మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఆముదం నీ తలకు పెట్టుకోక్కా. దీనికి దెబ్బలే మందు." పోనీ గరుకు కాగితంతో రుద్దుదామా అంటే దానికీ ఒప్పుకోలేదు. "రుద్దితే అరుగుతాది, మప్పదు."

దూడకు కాడి మప్పినట్టు బిళ్ళను చేతికి మప్పాలని ఆయన పట్టు. కొత్తది ముందు కండగల మొగపిల్లలకు ఇచ్చేవాడు. వాళ్ళు గొలుసులకూ బండలకూ వేసి కొట్టాక, కొన్నాళ్ళు తాను విసిరేవాడు. ఆ తర్వాతే మా చేతికి వచ్చేది. అప్పటికి అది వదిలినచోటు నుంచి వంకర పోకుండా, తొందరపడకుండా పోయేది.

ఒక ఎర్ర బిళ్ళ మాత్రం ఆయన తన దగ్గరే పెట్టుకుని రోజూ పొద్దున విసిరేవాడు. ఎరుపు పోయి ఇటుక రంగుకు తిరిగింది. ఆయన బొటనవేలు ఆనించేచోట గుంట పడి నున్నగా అయింది. నాకిమ్మని అడిగినప్పుడల్లా, "ఇంగా కొంచెం ఉండాదక్కా" అనేవాడు. ఆ కొంచెం మిగిలే పోయింది.

దినాల రోజున సారు తమ్ముడు ఫొటో ముందు ఆ బిళ్ళ పెట్టి కుంకుమ అద్దాడు. ఆయనకు నందికొట్కూరులో బట్టల అంగడి. బిళ్ళకు అద్దాల పెట్టె చేయించాననీ, పంచాయతీ ఆఫీసులో పెడతామనీ చెప్పాడు. అందరూ శానా బాగుందన్నారు. నేను లేచి, బిళ్ళ తీసి, కొంగుతో కుంకుమ తుడిచి నడుముకు దోపుకున్నాను.

"అక్కా, ఏం చేస్తాండావు?"

"కండ్లు లేవా అప్పా? బిళ్ళ తీసుకుంటాండా."

"మా అన్న చెయ్యి పట్టిన వస్తువక్కా అది! అరిగిపోతే మల్లా వస్తాదా?"

"పొద్దున లేసి మీ అన్న దాన్ని బండలకేసి కొట్టింది ముద్దుకనుకుంటివా? పెట్టెలో పెడితే ఈ ఎండకు అప్పడమై వంకర్లు పోతాది. అంతగా కావాలంటే ఆయన చెప్పులు పెట్టుకో."

"నీకిచ్చినాడా అన్న?"

"ఇయ్యలే. ఇంగా కొంచెం ఉండాదన్నాడు. ఆ కొంచెం నేను చేస్తా."

సారు ఇచ్చాడని ఒక్క మాట అబద్ధం ఆడి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఆడలేదు, ఆడను. ఆదివారంలోగా బిళ్ళ తెచ్చి, తప్పయిందని చెప్పమన్నారు పెద్దలు. బిళ్ళ ఇయ్యను. తప్పని చెప్పను.

నిన్న పొద్దున ఆ తమ్ముడే గుండ్ల దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహం గంటు పెట్టుకుని. చెయ్యి చాపాడు. తీసుకుపోతే పోనీ అనుకోలేదు నేను. ఒకసారి పట్టుకుని చూడనీ అనుకుని ఇచ్చాను. ఆయన బొటనవేలు ఆ గుంటలో పడింది. తర్వాత ఏమనుకున్నాడో బుట్ట వైపు విసిరాడు. రిమ్ముకు తగిలి కిందపడింది.

"గట్టిగా కాదప్పా" అన్నాను. "అంగట్లో బేరానికి గుడ్డ పరుస్తావే, అట్ల వదులు."

తెచ్చుకుని మళ్ళీ వేశాడు. గొలుసులు దాన్ని పట్టుకున్నాయి. ఆయన పోయి తీసుకుని, ఈసారి ఇంకా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఈడ వరస ఉండాదప్పా" అంది కాశింబీ చెయ్యి చాపి. "నేను, నాగమ్మక్క, ఆమైన నువ్వు."

ఆయన బిళ్ళ ఆమెకిచ్చి, మా వెనక్కి వచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇవి నా మాటలే. కోడలు చదివి వినిపించింది. ఇందులో తీసేయాల్సింది ఒక్కటీ లేదు.

పెద్ద నాగమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

చూసినవాళ్ళు:
కాశింబీ, పక్కిల్లు
రంగయ్య, సారు తమ్ముడు