సున్నా కడితే చాలు

ఆ సెల్‌ఫోన్ల షాపులో ఆమెను అందరూ సున్నమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతం కాగితం మీద తప్ప దానికి ఎక్కడా పని లేదు. కొనేవాళ్ళు కుర్చీలో కూర్చోగానే, ముందు సున్నా కడితే చాలండీ, ఫోను మీ చేతిలో ఉంటుంది అని ఆమె అనే తీరుకి బండరాయి కూడా కరిగి సంతకం పెట్టేస్తుందని తోటివాళ్ళ వేళాకోళం. మొదట్లో ఆ పేరుకి ఉడుక్కునేది. తర్వాత అలవాటు పడిపోయింది. ఏం చేస్తుంది మరి, నలుగురి నోళ్ళు మూయించడం ఎవరి తరం?

మనిషి మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు బరువు దిగిపోతుంది. ఎందుకంటే ఆవిడ చేసే పని విన్నాక మీకు నా మీద నమ్మకం పోవచ్చు.

షాపులో చేరిన మొదటి వారం మేనేజరు ఆమెకు నేర్పిన విద్య ఒక్కటే. ‘మొత్తం’ అనే మాట కౌంటరు దగ్గర పలకకూడదు. ధరెంత అని అడిగితే నెలకు ఇంత అనాలి. నెలకు అంతా అని నోరెళ్ళబెడితే రోజుకు ఇంతే కదండీ అనాలి. అప్పటికీ బుర్ర గోక్కుంటుంటే, రెండు టీల డబ్బులు అని నవ్వాలి. ఎంతటి మొండిఘటమైనా అక్కడికి మెత్తబడతాడు. సున్నమ్మ ఈ పాఠం ఎంత బాగా వంటబట్టించుకుందంటే, అంతమందికి లోన్లు రాసి కూడా ఒక్కరి మొత్తం ఎప్పుడూ కూడి చూసుకోలేదు. లెక్కలు రాక కాదు, చదువుకునే రోజుల్లో లెక్కల్లో ఆమెదే పైచేయి. కూడి చూడకపోతే ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు ప్రశాంతంగా తినొచ్చు, అందుకని.

ఉన్నమాట చెప్పాలంటే ఈ బేరంలో బాగుపడినవాళ్ళూ లేకపోలేదు. ఒక టాక్సీ డ్రైవరు చేతిలో చిల్లిగవ్వ లేని రోజున ఇక్కడే ఫోను తీసుకున్నాడు. కవరు వద్దన్నాడు, బీమా వద్దన్నాడు, ఏ ఒక్క వాయిదా తప్పకుండా ఆ ఫోను తెచ్చిన కిరాయిలతోనే కట్టేశాడు. మనసు గుచ్చినప్పుడల్లా సున్నమ్మ అతన్నే తలుచుకునేది. మిగతావాళ్ళు గుర్తొస్తే గబగబా అద్దాల బీరువాలు తుడిచేది.

ఆ రోజు నెలాఖరు. పొద్దున్న షట్టరు ఎత్తినప్పటి నుంచి ఆమె చూపు వాకిలి మీదే ఉంది. షాపులో ప్రతి మనిషికీ నెలకు ఇన్ని లోన్లని లెక్క ఉంటుంది. వరసగా రెండు నెలలు ఆ లెక్క నిండకపోతే మూడో నెల రానక్కర్లేదు. పోయిన నెల సున్నమ్మకు నిండలేదు. ఈ నెల ఒక్కటంటే ఒక్కటి తక్కువైంది. మొగుడు పనిచేసే వెల్డింగు షెడ్డు మూతబడి, ఆయన ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ఇంటి అద్దె, పాప స్కూలు ఫీజు, గ్యాసు బండ, అన్నీ ఈమె ఒక్క జీతం మీదే ఊగుతున్నాయి. ఆ ఒక్క లోను రాకపోతే రేపటి నుంచి నలుగురిలో మొహం ఎలా ఎత్తుకోవాలో కూడా ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం దాకా కొనే పురుగు ఒక్కటీ రాలేదు. వచ్చిన ఒక్క కాలేజీ పిల్లా ఉన్న ఫోన్లన్నీ చేత్తో పట్టుకుని, తన ఫొటోలు తీసుకుని, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. సున్నమ్మ అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. ముద్ద దిగితే కదా. మేనేజరు అటు తిరిగినా ఇటు తిరిగినా తననే చూస్తున్నట్టు అనిపించింది. ఆయన మాత్రం పాపం పన్నునొప్పితో దవడ పట్టుకుని తిరుగుతున్నాడు.

అప్పుడు అద్దాల తలుపు తోసుకుని పిన్ని వచ్చింది.

సున్నమ్మకు తల్లి ముఖం గుర్తు లేదు. ఊహ తెలిసేసరికే పోయింది. ఆ తర్వాత ఎత్తుకున్నదీ, జడ వేసిందీ, జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్నదీ ఈ పిన్నే. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో పని. ఎప్పుడు పక్కన నిలబడినా బ్లీచింగు వాసన. షాపులోకి ఎన్నడూ రాని మనిషి చెప్పులు బయట విడవబోతుంటే సున్నమ్మ పరుగున వెళ్ళి వారించింది.

లాండ్రీలో వచ్చే నెల నుంచి హాజరు ఫోనులోనే వెయ్యాలట. బొత్తాల ఫోను పనికి రాదట. ఏ రోజు ఫోనులో పడకపోతే ఆ రోజు కూలి లేదని సూపర్‌వైజరు తేల్చేశాడట. ఇదంతా చెప్పి పిన్ని కుర్చీ అంచున కూర్చుని, చుట్టూ వెలుగుతున్న ఫోన్ల వంక ఓ చూపు చూసి, మెల్లగా అడిగింది.

“ఈ నెల నీ పని అయిపోయిందా అమ్మడూ?”

“ఏం పని పిన్నీ?”

“అదేలే, మీ షాపు పని. ఎన్నో అమ్మాలంటారుగా.”

“ఇంకొకటి ఉంది” అంది సున్నమ్మ, పెద్ద విషయం కాదన్నట్టు.

మేనేజరు అప్పటికే దవడ వదిలేసి వచ్చాడు. మీ పిన్నిగారా, ఇంకేం, మనింటి మనిషే అని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. రోజుకు రెండు టీల డబ్బులమ్మా అని తనే మొదలుపెట్టాడు కూడా. సున్నమ్మకు కావలసిన ఒక్క లోను నడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. నెత్తిన పాలు పోసినట్టు ఉండాలి. కానీ ఆ కూర్చున్నది పిన్ని. పరాయివాళ్ళకు అరచేతిలో వైకుంఠం చూపించిన నోరు, ఈవిడ ముందు ఎండిపోయింది.

కొత్త పెట్టె తెస్తానని చెప్పి వెనక గదిలోకి వెళ్ళింది. అట్టపెట్టెల మధ్య నిలబడి తన ఫోనులో క్యాలిక్యులేటరు తెరిచింది. పిన్నికి సరిపోయే ఫోను డబ్బిచ్చి కొంటే షాపు తగ్గింపు పోను పన్నెండున్నర వేలు. లోను మీద తీసుకుంటే ఆ తగ్గింపు ఉండదు. దానికి ఫైలు ఖర్చు, బీమా, కవరూ అద్దమూ కలిపిన సెట్టు, ఇప్పుడు ఇవి లేకుండా లోను రాయనివ్వడం లేదు. వడ్డీ సున్నాయే, అందులో అబద్ధం లేదు. మిగతావన్నీ నెలవారీ వాయిదాలో కలిపేస్తే నెలకు పద్నాలుగు వందల ఎనభై. పన్నెండు నెలలు. గుణించింది. నమ్మలేక మళ్ళీ గుణించింది.

పదిహేడు వేల ఏడు వందల అరవై.

అయిదు వేల పైచిలుకు ఊరికే పోతుంది. ఒక్క వాయిదా ఆలస్యమైతే ఫైను వేరే, లోనిచ్చినవాళ్ళు ఫోను పనిచెయ్యకుండా లాక్ చెయ్యడం వేరే. ఫోను లాకైతే హాజరు పడదు, హాజరు పడకపోతే కూలి రాదు, కూలి రాకపోతే వాయిదా ఎక్కడి నుంచి కడుతుంది? సున్నమ్మ అక్కడే ఒక అట్టపెట్టె మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తను ఎంతమంది పిన్నులకు ఇది అంటగట్టిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అదే నిమిషంలో రేపటి అద్దె కూడా గుర్తొచ్చింది. అందుకే భయమేసింది, తనంటే తనకే.

పెట్టె తీసుకుని బయటికొచ్చింది. మేనేజరు ఫోనులో దంతాల డాక్టరుతో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. పిన్ని వైపు వంగి, పెదవులు కదిలీ కదలకుండా గబగబా చెప్పేసింది.

“పిన్నీ, లోను వద్దు. డబ్బులుంటే ఇచ్చేసి తీసుకో, పన్నెండున్నరలో పోతుంది. లోనైతే పదిహేడు వేల పైన అవుతుంది. ఇప్పుడు లేకపోతే వచ్చే వారం రా, నేను దాచి ఉంచుతా.”

చెప్పేసింది. పోతే పోయింది వెధవ ఉద్యోగం అని ఒక్క క్షణం ధైర్యంగా అనుకుంది. ఆ ధైర్యం పూర్తిగా ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా నిలవలేదు.

పిన్ని ఏమీ ఆశ్చర్యపోలేదు. సంచిలోంచి రుమాలు మూట తీసి, బల్ల కింద ఒళ్ళో పెట్టుకుని, ముడి కొంచెం వదులు చేసి చూపించింది. అన్నీ మడతలు పడ్డ నోట్లు.

“డబ్బులు తెచ్చాను. నీ లెక్క నిండిపోయి ఉంటే ఇవి కట్టి తీసుకుందామని.”

సున్నమ్మకు మొదట అర్థం కాలేదు.

“మీ ఆయన నిన్న ఫోన్ చేశాడు” అంది పిన్ని. “ఇంకొక్కటి తక్కువుందట, తీసేస్తారట అని ఒకటే బాధ. నువ్వైతే చచ్చినా చెప్పవు కదా. మా లాండ్రీలో నా పక్క మిషనామె ఇలాగే కొని ఏడుస్తోంది, నాకు తెలీదా ఎంతవుతుందో. తెలిసే వచ్చాను. రాయి.”

“వద్దు పిన్నీ.”

“నెలనెలా ఈ మూటలోంచే కట్టేస్తాను. ఆ పైన కావలసింది కూడబెడతా. నువ్వు నిలబడాలి కదే. రాయమంటుంటే.”

సున్నమ్మ ఫోను పెట్టెను తన వైపు లాక్కుంది. మేనేజరు ఫోను పెట్టేసి వచ్చి, ఏమంటారమ్మా అని అడిగాడు. లోను మీదే తీసుకోమంటోంది బాబూ మా అమ్మాయి, తీసుకోవాల్సిందే అని పిన్ని నవ్వుతూ నెపం ఆమె మీదకే నెట్టింది. సున్నమ్మ లోను కాగితం ముందుకు లాక్కుంది. పేరు రాసింది, ఇంటి అడ్రసు రాసింది. అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి, అలవాటు పని కదా.

చివరికి వేలిముద్ర. లోనిచ్చేవాళ్ళు పెట్టిన చిన్న మిషను మీద వేలు ఆనిస్తే, మనిషి ఎవరో అది పోల్చుకోవాలి. పిన్ని బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. చీరకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే. ఇన్నేళ్ళ బ్లీచింగు నీళ్ళు ఆ వేళ్ళ మీద ఒక్క గీత మిగల్చలేదు, వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉన్నాయి. మూడోసారి కూడా కాదంటే ఫైలు మూసుకుపోతుంది, ఆ మనిషికి ఇక లోను రాదు.

సున్నమ్మకు ఒక్కసారిగా దారి కనబడింది. ఎవరి తప్పూ కాదు, మిషను కాదంది, అంతే. పిన్ని తన మూట విప్పి పన్నెండున్నర వేలు కట్టి హాయిగా ఇంటికి పోతుంది. పిన్ని డబ్బు పిన్నికి దక్కుతుంది.

రేపు తన ఉద్యోగం పోతుంది.

“నీ చిట్కా వెయ్యమ్మా” అన్నాడు మేనేజరు.

చిట్కా ఆమెదే. ముద్రలు అరిగిపోయిన వాళ్ళు రోజూ వస్తూనే ఉంటారు, వంటవాళ్ళు, తాపీమేస్త్రీలు, అంట్లు తోమేవాళ్ళు. వేలికి కాస్త క్రీము రాసి, బాగా మర్దనా చేసి, అద్దం తుడిచి, వేలిని కొంచెం పక్కకు వాల్చి గట్టిగా అదిమి పట్టుకుంటే చాలాసార్లు పలుకుతుంది. వదులుగా పట్టుకుంటే పలకదు. పట్టు ఎంతో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరూ కనిపెట్టలేరు.

క్రీము రాసింది. పిన్ని బొటనవేలిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. పిన్ని ఆమె ముఖంలోకే చూస్తోంది. వదులుగా పట్టుకో, వదులుగా పట్టుకో అని లోపల్నుంచి ఎవరో మొత్తుకుంటూనే ఉన్నారు. సున్నమ్మ అద్దం తుడిచింది, వేలిని పక్కకు వాల్చింది, ఊపిరి బిగబట్టి గట్టిగా అదిమింది.

పచ్చ దీపం వెలిగింది.

చూశారా, మా సున్నమ్మ హస్తవాసి అని మేనేజరు షాపంతా వినబడేలా అన్నాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది. నువ్వు పట్టుకుంటే పలికిందే అని మురిసిపోయి, కొత్త ఫోను పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. సున్నమ్మ రెండు చేతులూ దుపట్టాకు తుడుచుకుంది. ఎంత తుడుచుకున్నా క్రీము జిడ్డు పోలేదు. వదులుగా పట్టుకోలేకపోయినందుకు తనను తాను తిట్టుకుంటోంది, గుండెల మీంచి బండ దిగిందని సంతోషిస్తోంది, ఆ సంతోషానికి మళ్ళీ తిట్టుకుంటోంది.

వెనకాల గోడకున్న తెల్ల బోర్డును మేనేజరు గుడ్డతో తుడుస్తున్నాడు. నిండిన లెక్కలన్నీ చెరిపేసి, వచ్చే నెలకు ఎవరు ఎన్ని లోన్లు తేవాలో పేర్ల ఎదురుగా కొత్తగా రాస్తున్నాడు. అందరికీ రెండేసి పెంచాడు. సున్నమ్మ తల తిప్పి చూసింది. పిన్ని ఏడాది పాటు కట్టబోయేది, తనకు రెండే రెండు నెలల ఉద్యోగానికి.

పిన్ని లేచి నిలబడి సంచి సర్దుకుంది.

“ఇంక నిన్నెవరూ తీసెయ్యరుగా అమ్మడూ?”

“తియ్యరు పిన్నీ” అంది సున్నమ్మ, బోర్డు ఆవిడకు కనబడకుండా అడ్డంగా నిలబడి.