డబ్బింగ్ ఇంజను

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో తిరిగే కుర్రాళ్లందరికీ ఒకే జబ్బు ఉండేది. ఏం చేస్తున్నావని అడిగితే చేస్తున్నది చెప్పేవాళ్లం కాదు, చేయబోయేది చెప్పేవాళ్లం. నేను ఒక ప్రొడక్షన్ ఆఫీసులో ఆర్ట్ అసిస్టెంటుని, అంటే థర్మాకోల్ స్తంభాలకు రాతి రంగు పూసేవాణ్ని. కాకినాడలో మావాళ్ల లెక్కలో మాత్రం దాదాపు డైరెక్టర్ని. (ఆ 'దాదాపు'ని ఫోన్‌లో చాలా మెల్లగా అనేవాణ్ని.) చివరికి నాన్నకే విసుగొచ్చి, ఉగాదిలోగా నీ పేరుతో చిన్నదైనా సరే ఒక సినిమా చూపించు, లేకపోతే వచ్చి మావయ్య శానిటరీ షాపులో కూర్చో అని తేల్చేశారు. కమోడ్ల మధ్య గడవబోయే జీవితం నా కళ్లముందు మెదిలింది.

ఆదుకున్నది బాబాయి. రహమత్ నగర్‌లో ఆయన ఇంటి పక్క సందులో ఒక పాత కారు ఏళ్ల తరబడి పట్టా కింద పడి ఉండేది. గుండ్రటి లైట్లు, బూరె బుగ్గలు, లోపల మాత్రం ఇంజను ఎప్పుడో పట్టేసింది. "అమ్ముకుని నీ సినిమా తీసుకోరా, నాకు సందు ఖాళీ అయితే అదే పదివేలు" అన్నాడు. నేనూ, డబ్బింగ్ థియేటర్లో పనిచేసే నా రూమ్మేటూ (వాణ్ని అందరూ సౌండు అని పిలిచేవాళ్లు, వాడి గురక విన్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు) దానికి తాడు కట్టి బోరబండలో మాకు తెలిసిన మెకానిక్ అన్న షెడ్డుకి చేర్చాం. ఆ మోడల్ ఇంజను ఎక్కడా దొరక్కపోయేసరికి అన్న ఒక గూడ్స్ వ్యాను డీజిల్ ఇంజను తెచ్చి, నెల రోజులు కుస్తీపట్టి బిగించాడు. స్టార్ట్ చేస్తే ఆ మహారాణి పిండిమరలా డబడబలాడింది. మా మొహాలు చూసి అన్న నవ్వాడు.

"ఏంది గట్ల జూస్తున్నరు? ఇరవై ఏండ్లు ఫికర్ లేకుండ నడుస్తది. కొనేటోనికి మాత్రం ఇంజను మార్చినమని ముందుగాలనే చెప్పుర్రి. ఆర్‌సీల నంబరొకటి, దీని మీద నంబరొకటి. ఎన్ని దినాలు దాస్తరు?"

మేం వినలేదు. వింటే సినిమావాళ్లం ఎలా అవుతాం? పైగా మా ఇద్దరికీ వచ్చిన విద్యలే అవి. నేను కారు ఎడమవైపు అద్దంలా మెరిసేట్టు రంగు వేసి, కుడివైపుకొచ్చేసరికి ఓపిక చాలక వదిలేశాను. సెట్లో కెమెరా చూడని గోడకి ఎవరు రంగేస్తారు? కుడివైపుని గోడకి ఆనించి పెడితే సరిపోతుందనుకున్నాను. సౌండు తన థియేటర్ లైబ్రరీలోంచి పాత కారు శబ్దం ఒకటి వెతికి తెచ్చాడు. గేర్లు మారడం, మలుపులో ముక్కడం, అన్నీ కలిపి మూడు నిమిషాల ట్రాకు కట్టి, బానెట్ కింద ఒక స్పీకరు దాచాడు. మా గది ముందు ఎలాగూ పెద్ద దిగుడు. ఇంజను వేయకుండా హ్యాండ్‌బ్రేకు వదిలితే కారు దానంతటదే జారుతుంది, సౌండు వెనక సీట్లో కూర్చుని ఫోన్లోంచి ట్రాకు వదులుతాడు. రెండు రోజులు రిహార్సల్ కూడా వేశాం.

కొనడానికొచ్చింది జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక నిర్మాతగారు. తెల్ల చొక్కా, తక్కువ మాటలు. ఎడమవైపు చూసి "బావుంది" అన్నారు. కుడివైపు గోడ ఉంది కాబట్టి నేనూ ఎడమ తలుపులోంచే దూరి స్టీరింగు దగ్గరికి పాక్కుంటూ వెళ్లాను. ఆయనా నా వెనకే దూరి పక్క సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పినట్టు నటించి బ్రేకు వదిలాను. బానెట్ కింద ఇంజను గంభీరంగా లేచింది. కారు దిగుతోంది, గేర్లు మారుతున్నాయి, నా సినిమాకి టైటిల్స్ పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే సందులోంచి ఒక నీళ్ల ట్యాంకరు వచ్చి రోడ్డుకి అడ్డంగా ఆగింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. ఇంజను మాత్రం మూడో గేరులో పడి హుషారుగా సాగిపోయింది. వెనక సౌండు ఫోను కంగారులో కాళ్ల దగ్గర జారవిడిచి వెతుకుతున్నాడు.

నిర్మాతగారు కాసేపు శ్రద్ధగా విన్నారు. "సింకు తప్పింది బాబూ" అన్నారు. తర్వాత, "ఇరవై ఏళ్లుగా నా ప్రతి సినిమాలో ప్రతి కారుకీ ఇదే శబ్దం వేస్తున్నారు. నాకు తెలీదనుకున్నారా? ఇప్పుడు అసలుది వినిపించండి."

అసలు ఇంజను వేశాను. పిండిమర తిరిగింది. నిజం మొత్తం చెప్పేశాను, గోడవైపు సంగతితో సహా. శానిటరీ షాపు వాసన అప్పుడే ముక్కుకి తగులుతోంది. ఆయన బానెట్ ఎత్తించి అన్న వెల్డింగుని వేలితో తడిమి చూశారు.

"నా దగ్గర మూడు పాత కార్లున్నాయయ్యా, అన్నీ ఒరిజినలే. ప్రతి షాటుకీ నలుగురు తోయాలి. స్టార్టయ్యే పాత కారు కోసం ఏడాదిగా తిరుగుతున్నాను. మీరేమో ఉన్న మంచిని దాచిపెట్టి, లేనిదాన్ని వినిపించారు. నోరు తెరిచి చెప్పుంటే వచ్చిన నిమిషంలోనే తీసుకెళ్లేవాణ్ని కదా."

తీసుకున్నారు, కానీ షరతులు పెట్టి. ఆర్‌సీలో ఇంజను మార్పు రాయించాలి. కుడివైపు రంగు వేయాలి. బానెట్ లోపల నా చేత్తో నిజం రాసి సంతకం పెట్టాలి. అన్నీ చేశాను. ఉగాదికి సినిమా కూడా అయింది. నాన్న చివరిదాకా చూసి "ఆ వెనక గోడ రంగు చాలా బావుందిరా" అన్నారు. డైరెక్షన్ మాట ఎత్తలేదు. అంతకంటే నిజాయితీగా నా పని గురించి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేనింకా ఆర్ట్‌లోనే ఉన్నాను.

మొన్న ఒక పాటకి పాత కారు కావాలంటే అద్దెకి తెప్పించాను. డబడబమని వస్తుంటేనే గుర్తుపట్టాను. నీళ్లు పోయడానికి డ్రైవరు బానెట్ ఎత్తాడు. ఎర్ర రంగులో నా దస్తూరీ చెక్కు చెదరలేదు. "ఈ కారు ఇంజను ఒరిజినల్ కాదు." కింద సంతకం, సంతకం కింద అప్పటి నాలోని కుర్రాడు ఎవరూ అడక్కుండానే వంకరటింకరగా తగిలించుకున్న హోదా: "దర్శకుడు."

ఆ ఒక్క మాట తుడిచేద్దామని గుడ్డ తీసుకున్నాను. ఎందుకో వాడి మీద జాలేసి, బానెట్ మెల్లగా మూసేశాను.