నేను పెదవులు మాత్రమే కదిపిన పాట

మా ముత్తాతను ఏడు ఊళ్లవాళ్లు పెద్దయ్య అనేవారు. జాతరలో మొదటి తాంబూలం ఆయన చేతికి అందాకే తేరు కదిలేది. ఆయన కొడుకు, అంటే మా తాత, మూడు గుర్రాలను మేపినవాడు. ఆయన రైలు దిగుతున్నాడంటే ఎర్రగుంట్ల స్టేషను మాస్టరు కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేవాడట. మా నాయన కాలానికి గుర్రాలు పోయి కారు వచ్చింది, తర్వాత కారు పోయి దాని హారను మిగిలింది. (అది చాలాకాలం మా గోడకు వేలాడింది. ఎవరూ నొక్కకూడదని ఆజ్ఞ.) నా వంతుకు మిగిలింది నిటారైన వెన్నెముక ఒక్కటే. ఆ రోజుల్లో, అంటే ఓ పదిహేనేళ్ల కిందట, డిగ్రీ కాగితం పెట్టెలో ఉండి ఉద్యోగం లేకుండా తిరిగే కాలంలో కూడా, నేను బస్సులో సీటు దొరికితే వెనక్కి ఆనుకుని కూర్చునేవాణ్ణి కాదు. ఆనుకోవడం మా వంశంలో లేదు. నన్ను చూసి ఎవరైనా నవ్వుకుంటారేమోనన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

అప్పుడే సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఒక బృందగానం మొదలైంది. నడిపేది హార్మోనియం సారు. బడిలో లెక్కలు చెప్పే ముస్లిం మాస్టారాయన, సంగీతం సొంతంగా నేర్చుకున్నాడు. పాడేవాళ్లు పదహారు మంది, అందరూ పనులు చేసుకునేవాళ్లే. గండికోటలో జరిగే ఒక ఉత్సవంలో పాడమని వాళ్లకు పిలుపు వచ్చింది. వాన కోసం సారు స్వయంగా ఒక పాట కట్టాడు. కానీ ఆదివారాలు కాలనీ హాలులో పెళ్లిళ్లు, సాధనకు చోటు లేదు. నేను మా ఇంటి సావడి ఇస్తానన్నాను. నల్ల కడప పలకల నేల, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా పాదాలకు చలి తగిలే చోటు. అద్దె వద్దు, నన్ను బృందంలో చేర్చుకుంటే చాలన్నాను. ఇంకొక్క చిన్న షరతు. మా ముత్తాత కుర్చీ వేసుకుని తీర్పులు చెప్పిన పెద్ద బండ సావడి మధ్యలో ఉంది, నేను దాని మీదే నిలబడతాను.

మొదటి ఆదివారం పాట రెండో చరణానికి చేరకుండానే సారు హార్మోనియం ఆపేశాడు. "ఎవురప్పా అది?" అన్నాడు అందరినీ చూస్తూ. బృందంలోని లారీ డ్రైవరు, మేమంతా మామ అని పిలిచే మనిషి, దాచుకోకుండా చెప్పాడు. "లోడు బండికి ఘాట్‌లో బ్రేకు పట్టినట్టుండాది సారూ. ఆ బండ పక్కనుంచే వస్తాండాది." సారు నన్ను వసారాలోకి తీసుకువెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమీ అనుకోవద్దప్పా. నువ్వు నిలబడేది శానా బాగుండాది. నువ్వుంటే బృందానికే ఒక అందం. నోరు తెరువు, గొంతు మాత్రం ఇప్పొద్దు." ఒక గౌరవాన్ని స్వీకరిస్తున్నట్టు తల పంకించి వచ్చి మళ్లీ బండ మీద నిలబడ్డాను. (ఆ రాత్రి అన్నం సయించలేదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.)

మూడో ఆదివారం మధ్యాహ్నం అది జరిగింది. బయట ఎండ తెల్లగా కాస్తోంది, వీధిలో కాకి కూడా లేదు. అందరూ పై స్వరం అందుకున్నప్పుడు నేను ఆజ్ఞ ప్రకారం నోరు తెరిచాను. తెరిచినంతలో ఒక గొంతు వచ్చింది. చాలా కింది స్థాయిలో, నిదానంగా, ఒకే ఒక్క "ఆ". అరికాళ్ల కింద బండ సన్నగా అదిరింది. బెదిరి నోరు మూశాను, గొంతు ఆగింది. పదహారు ముఖాలూ నా వైపు తిరిగాయి. సారు కళ్లలో నీళ్లు. "ఇన్ని దినాలు ఈ గొంతు యాడ పెట్టుకోనుంటివప్పా?" అన్నాడు. నిజం చెప్పడానికి అదే సమయం. కానీ నా పుట్టుక, నా వెన్నెముక కలిసి నా చేత పలికించిన మాట ఇదీ: "వంశంలో ఉంది సార్."

జీవితంలో మొదటిసారి తాతల పేరుతో కాకుండా నా పేరుతో నన్ను మెచ్చుకున్నారు. దాన్ని వదులుకోవడం ఎలా? ఒంటరిగా ఉన్నప్పుడు బండ మీద నిలబడి నోరు తెరిచి చూశాను. చడీచప్పుడు లేదు. హార్మోనియం మోగితే మాత్రం వచ్చేది. సారు పాట మార్చి, నా గొంతు ఒక్కదానితోనే మొదలయ్యేట్టు కట్టాడు. మామ ఆ గొంతును సెల్‌ఫోనులో రికార్డు చేసి రింగుటోను పెట్టుకున్నాడు. (అతనికి ఫోను వచ్చినప్పుడల్లా నేను పక్కకు వెళ్లిపోయేవాణ్ణి.) ఒకరోజు బృందంలోని నర్సమ్మ ఆ రికార్డును చెవికి ఆనించుకుని రెండుసార్లు విని, నన్ను ఎగాదిగా చూసింది. "అన్నా, ఇందులో నువ్వు మధ్యన దమ్ము తీసుకుంటాండావు. పాడేటప్పుడు చూస్తే నీ రొమ్ము కదల్లేదే?" అంది. నేను గంభీరంగా, సాధన అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆ దమ్ములో గరగర ఉండాది. దుమ్ము మింగినోళ్లకు అట్లుంటాది. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో రోజూ చూస్తాండా. ఒకసారి చూపిచ్చుకోన్నా" అంది.

ఆ సాయంత్రం, బండ కింద ఏముందని మేనత్తను అడిగాను. నాయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఆమె కొర్రలు చెరుగుతోంది, చేట ఆపలేదు. "పాతరుండాది రా దాని కింద. జొన్నలు పోసేది. రెండాళ్ల లోతు. కరువులో ఊరోళ్లంతా భజన చేసుకుంటా మన వాకిటికి వచ్చినారంట, గింజలు పెట్టమని. మీ ముత్తాత ఆ బండ మీద కుర్చీ వేసుకోని, ఇంట్లో గింజ లేదన్నాడంట. పాతర నిండుగుండె."

"తర్వాత?"

"భజన చెప్పేటోడు మంచి గొంతుకాడంట. వాడు ఒకనాడు బండ జరిపి దిగినాడంట. బండ మళ్ల మూసినారు. వాడు ఎక్కి వచ్చినాడా అని ఎవరూ అడగలేదు. పెద్దయ్యను ఎవరడుగుతారు?" చేటలో పొట్టు ఎగిరింది. "నువ్వేమో దాని మీదెక్కి పాడతాండావు."

భయపడవలసిన వేళ. భయపడ్డాను కూడా. కానీ ఆ రోజుల్లో నా బుర్ర ఎలా పనిచేసేదో చెప్పాలి. బండ కింద ఉన్నది ఎవరైనా మా ఇంటి కింది మనిషే కదా, మా ముత్తాత పిలిస్తే ఏడు ఊళ్లవాళ్లు వచ్చేవారు కదా, నేను పిలిస్తే ఒక్కడు రాడా అనుకున్నాను. ఉత్సవానికి ముందురోజు స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, సావడిలో బండకు ఎదురుగా నిలబడ్డాను. "రేపు సాయంత్రం ఆరు గంటలకు గండికోటలో పాట. తప్పక రావాలి" అన్నాను. ఆజ్ఞాపించాను అనాలేమో. బండ ఏమీ అనలేదు. దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మర్నాడు కోటలో, పెన్నా లోయ మీదుగా ఎండ ఎర్రబడుతున్నప్పుడు, మమ్మల్ని వేదిక ఎక్కించారు. ప్రకటన చేసేవాడికి మా ముత్తాత బిరుదులన్నీ నేనే ఒక కాగితం మీద రాసిచ్చాను. వాటిని చదవడానికి పాటకంటే ఎక్కువసేపు పట్టింది. సారు హార్మోనియం మీద స్వరం ఇచ్చి నా వైపు ప్రేమగా చూశాడు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. సారు మళ్లీ స్వరం ఇచ్చాడు. కాళ్ల కింద చెక్కలు, వాటి కింద గాలి. ముందు వరుసలో ఎవరో దగ్గారు. మామ నా వెనక నుంచి గొణిగాడు. "ఏమప్పా, బండి స్టార్టు కాలేదా?" ఇక దారి లేదు. నా సొంత గొంతు విప్పాను. జనం నవ్వులు లోయ అవతలి గట్టును తాకి మళ్లీ మా దగ్గరికి వచ్చాయి. అయినా మధ్యలో ఆపలేదు. ఎందుకో ఆపాలనిపించలేదు. మిగతా పదహారు మందీ కలుపుకుని నన్ను ఎలాగో ఒడ్డుకు చేర్చారు.

వేదిక దిగాక సారుతో చెప్పేశాను. ఆ గొంతు నాది కాదని, నేను ఒక్కరోజు కూడా పాడలేదని. ఆయన నా చేతులు పట్టుకున్నాడు. "భయానికి గొంతు పట్టేసింటాది, అంతే. దానికి ఇంత కత చెప్పాల్నా? నీ మాదిరి ఇంటోళ్లు అబద్ధాలాడకూడదప్పా" అన్నాడు. ఆ కాలమంతటిలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

బృందం అక్కడే నిద్ర చేసి పొద్దున బయలుదేరింది. నేను ఇంటికి చేరేసరికి అత్త వీధి అరుగు మీద కూర్చుని ఉంది. చేట ఒళ్లోనే ఉంది. రాత్రంతా లోపలికి వెళ్లలేదని తెలుస్తూనే ఉంది.

"ఆరయ్యింటాది," అంది. "మొదలుపెట్టినాడు. నీ భాగం పాడినాడు, నిలిపినాడు. మీవాళ్లది అయ్యేదాకా గమ్మునుండి మళ్ల అందుకున్యాడు. ఒక్క తప్పు పోలేదు."

"అంతేనా అత్తా?"

"అంతా అయినాక అడిగినాడు. 'పాడితి గదా, ఇంక బండ తీస్తారా' అని."

ఆ మధ్యాహ్నమే సారునూ, మామనూ, నర్సమ్మనూ పిలిపించి అత్త చెప్పిందంతా చెప్పాను. గడ్డపారలు వేసి బండ లేపాము. లాంతరు తాడుకు కట్టి దించితే నిలువెత్తు లోతులో ఆరిపోయింది. మళ్లీ వెలిగించాము, మళ్లీ అక్కడే ఆరింది. "గాలి చెడ్డది, ఎవురూ దిగొద్దు" అంది నర్సమ్మ. బండను తిరగేసిన మామ దాని అడుగు వైపు చూపించాడు. గరుకు రాయి. ఒక్కచోట మాత్రం, రెండు అరచేతుల మేర, నున్నగా అరిగిపోయి ఉంది.

సారు టోపీ సర్దుకుని కళ్లు మూసుకుని తన ప్రార్థన ఏదో చేశాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, వాన పాట ఎత్తుకున్నాడు. నేను గొంతు కలిపాను. నన్ను ఎవరూ ఆపలేదు. కింద నుంచి ఏ గొంతూ రాలేదు.

ఇప్పటికీ ఆ బృందంలో ఉన్నాను. నన్ను చివరి వరుసలో, మైకుకు దూరంగా నిలబెడతారు. గొంతు విప్పే పాడతాను. బండకు ఆజ్ఞలు ఇచ్చిన ఆ ఇస్త్రీ పంచె కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వు వస్తుంది. కానీ ఆ నవ్వు ఎప్పుడూ పెదవులు దాటి రాదు. బండ లేపిన మరుసటి ఏడు ఇల్లు అమ్మేశాము. సావడి, వసారా, దొడ్డి, రెండు కొట్టాలు అన్నీ కలిపి ఒకే దస్తావేజు. పాతర సంగతి అందులో ప్రత్యేకంగా రాయలేదు.