గోనెపట్ట చుట్టిన సీసా

పోయినసారి మా అక్క కూతురికి టీకా వేయించేటప్పుడు, చాక్లెట్ల అంగడికి పోతున్నారని వీడియో కాల్‌లో అబద్ధం చెప్పింది నేనే. తర్వాత చాలా రోజులు నా ఫోన్ వస్తే ముఖం తిప్పుకునేది. అందుకే ఐదేళ్ల టీకాకు బెంగళూరు నుంచి ముదిగుబ్బ దగ్గర వాళ్ల ఊరికి వచ్చి, ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"సూదేనే. నొప్పి ఉంటుంది. ముందు చల్లగా పెడితే తగ్గుతుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

సోడా అంగడిలో ఐసుముక్కలు అడిగి కవర్లో పట్టుకెళ్లాను. ఆసుపత్రి వరుసలో మా వంతు వచ్చేసరికి కవర్లో మిగిలింది గోరువెచ్చని నీళ్లే. నర్సమ్మ పక్కన టీకాల పెట్టె. అందులో ఐసు ప్యాకులున్నాయని నాకు తెలుసు.

"ఒకటివ్వండి, ఒక్క నిమిషం."

"ఇయ్యను. అది మందుకి."

"పసిపిల్ల కంటే మందెక్కువా?" ఫోన్ కెమెరా తెరిచాను.

"తీసుకోమ్మా వీడియో. ఊరికూరికే మూత తీస్తే మందు చెడిపోతాది. అప్పుడు ఈళ్లందరికీ ఏం ఏసేది? అది గూడా వీడియోలో చెప్పు."

వరుసంతా నవ్వింది. తల కొట్టేసినట్టయింది. పిల్ల నా వేలు వదిలేసింది. "ఒట్టు పెట్టినావు కదా పిన్నీ!"

అప్పుడు మాతో వచ్చిన అక్క వాళ్ల అత్త వెనక నుంచి ఒక సీసా చాపి, "ఏమ్మా, మీ బెంగళూరులో నీళ్లు చల్లగయ్యేకి కరెంటే కావల్నా?" అంది.

ఆమె చెనక్కాయ చేనికి తీసుకుపోయే నీళ్ల సీసా అది. చుట్టూ తడి గోనెపట్ట. వచ్చీరాగానే ఆసుపత్రి కిటికీ కమ్మీకి కట్టింది, గాలి తగలాలని. పట్టుకుంటే జిల్లుమంది.

"పట్ట తీసి ఉత్త సీసా పెట్టండి. నేను తుడిచి ఏస్తా," అంది నర్సమ్మ, నా వైపు చూడకుండా.

ఫోన్‌లో ఒక నిమిషానికి టైమర్ పెట్టి, సీసాను పిల్ల జబ్బకు ఆనించాను. గంట మోగింది. నర్సమ్మ జబ్బ తుడిచి సూది వేసింది. పిల్ల పెదవి వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవలేదు.

"అయిపాయనా?"

"అయిపోయింది."

వెనక ఒక పాప గుక్కపట్టింది. "ఏం కాదులేమ్మా, చీమ కుట్టినట్టు గూడా ఉండదు," అంటోంది వాళ్లమ్మ.

మా పిల్ల గిరుక్కున తిరిగింది. "అబద్ధం! నొప్పి ఉంటాది. రొంతే," అని వేళ్లతో కొంచెమని చూపించి, సీసా తీసుకెళ్లి ఆ పాప చేతిలో పెట్టింది. "గంట కొట్టేదాంకా పెట్టుకో. మా పిన్ని అబద్ధం చెప్పదు."

నా అంత గొప్పవాళ్లు ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ లేరనిపించింది. మళ్లీ ఒక నిమిషం పెట్టాను.