డాక్టరమ్మ చెంపల మీది మంగు

మొహానికి బొగ్గు పొడి కలిపిన లేపనం పూసి, దాని మీద లేజర్ కొడితే ఒక వాసన వస్తుంది. అప్పుడే ఆర్పిన కుంపటి పక్కన ఎవరో వెంట్రుకలు కాల్చినట్టు ఉంటుంది. దానికి తోడు టప్ టప్‌మని పేలాలు వేగే చప్పుడు. కరీంనగర్‌లో నేనిప్పుడు పనిచేసే పెద్ద స్కిన్ క్లినిక్‌లో ఈ వాసన లేని రోజు ఉండదు. పేషెంట్లు కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపట్లో రాబోయే కొత్త మొహం గురించి కలలు కంటూ పడుకుంటారు. నాకేమో ఆ వాసన తగలగానే డాక్టర్ విమలమ్మ గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే నవ్వొస్తుంది. లేజర్ పట్టుకున్న మనిషి నవ్వితే చెయ్యి కదులుతుంది కాబట్టి, పెదవి కొరుక్కుని పని కానిస్తాను.

విమల మేడంను చూడనివాళ్లకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఆమె చర్మ వైద్యురాలు, ఆమె రెండు చెంపల మీదా, ముక్కు దూలం మీదా ముదురు రంగు మంగు ఉండేది. చూసిన వాళ్లకు మొదట మచ్చలు కనిపించి, ఆ తర్వాతే మనిషి కనిపించేది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి మొహాలూ బాగుచేసే డాక్టరు తన మొహం సంగతి మరిచిపోయిందని, ఆమె క్లినిక్ ఉన్న మంకమ్మతోటలో అందరూ నవ్వుకునేవాళ్లు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసి, వాళ్లకంటే ముందు తనే నవ్వేది.

డిగ్రీ అయ్యాక పెద్దపల్లి దగ్గరి మా ఊరి నుంచి ఉద్యోగం కోసం ఆమె క్లినిక్‌కు వెళ్లాను. నాకంటే ముందు మరికొందరు అమ్మాయిలు లోపలికి వెళ్లి వచ్చారు. ఆమె సర్టిఫికెట్లు చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొహం నా ముందుకు పెట్టి అడిగింది.

"నా మొఖంల ఏం కనబడుతున్నది, చెప్పు."

ముందు వెళ్లిన అమ్మాయిలు కళ అనీ, తెలివి అనీ చెప్పారని నాకు తర్వాత తెలిసింది. నాకప్పటికి అంత లౌక్యం లేదు.

"మంగు మేడం. రెండు దిక్కుల ఉన్నది. మా పెద్దమ్మకు గూడ గిట్లనే ఉండె."

"మీ పెద్దమ్మకు పోయిందా మరి?"

"పోలే మేడం. పెద్దమ్మనే పోయింది."

ఆమె బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఉద్యోగం పోయిందనుకుని నేను సంచి సర్దుకుంటుంటే, కళ్లు తుడుచుకుంటూ "రేపు పొద్దుగాల రా పిల్లా" అంది.

ఉద్యోగమైతే వచ్చింది గానీ చెయ్యడం తేలిక కాదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెత్తగా మాట్లాడి లోపలికి పంపిస్తే, మందు పేరు రాయించుకోకుండానే బయటికొచ్చేవాళ్లు. "గామెదే పోగొట్టుకోలే, మాదేం పోగొడ్తది?" అని నా మొహం మీదే అనేసి చెప్పులేసుకునేవాళ్లు. రోడ్డుకు అటువైపు ఇంకో క్లినిక్ ఉండేది. పెళ్లినాటి మొహం మళ్లీ తెప్పిస్తామని దాని మీద పెద్ద బోర్డు. మా దగ్గర లేచినవాళ్లు సరాసరి అక్కడికే పోవడం కిటికీలోంచి నాకు కనిపించేది. కడుపు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మేడం, జర పౌడరన్న పెట్టుకోండ్రి. లేకపోతే మీ మందులే మీరు వాడుండ్రి."

"వాడుతున్న పిల్లా. గిది వాడినంక ఉన్న మొఖం."

అంతటితో ఆగకుండా మంగు గురించి నాకు పాఠం చెప్పింది. ఎండ, ఒంట్లో మార్పులు, వంశం అన్నీ కలిసి తెచ్చేది మంగు. దాన్ని మందులతో, గొడుగుతో, ఓపికతో అదుపులో పెట్టాలి. మన చర్మం మీద తొందరపడి లేజర్ కొడితే "పోయినట్టే పోయి, చుట్టాలను ఎంబడి తోలుకొని వస్తది" అనేది. మొటిమల గుంటలకూ, వయసు మచ్చలకూ, అక్కర్లేని వెంట్రుకలకూ ఆమె లేజర్ చాలా బాగా చేసేది. కానిదాన్ని మాత్రం కాదని చెప్పేది. కాదని చెప్పే డాక్టరుకు బేరాలు తక్కువ కదా. అందుకని మా క్లినిక్‌లో మిషన్ కంటే ఎక్కువగా ఆమె నోరే పనిచేసేది.

మేడం గోదావరిఖని క్వార్టర్లలో పెరిగింది. వాళ్ల బాపు బొగ్గు బాయి కార్మికుడు. ఒకసారి అక్కడినుంచే ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు పెళ్లి దగ్గరపడిందని, మొహం కాస్త తేటగా కావాలని అడిగింది. మేడం ఆమెను పడుకోబెట్టి నల్లటి లేపనం పూసింది. ఆవిడ అద్దంలో చూసుకుని గాబరాపడింది.

"గిదేంది డాక్టరమ్మా, బొగ్గా? మా ఆయన ముప్పై ఏండ్లు పుక్కట్ల పూసుకున్నడు. గంతగనం ఏం తెల్లగ కాలే!"

"మీ ఆయనకు పైనుంచి లైటు కొట్టలేదు గదమ్మా."

"ఎందుకు కొట్టలే? నెత్తి మీద లైటు పెట్టుకునే దిగుతుండె!"

మేడం మిషన్ పక్కన పెట్టేసి గోడ పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. బొగ్గు మొహంతో పడుకున్న ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వుకు లేపనం పగుళ్లిచ్చి, మళ్లీ మొదటినుంచి పూయాల్సి వచ్చింది. ఆ రోజంతా మేడం వాళ్ల బాపు మాటలే చెప్పింది.

నాకు లేజర్ నేర్పిందీ ఆమే. నేర్పే ముందు నా ముంజేతి మీదే ఒకటి కొట్టింది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమని, "అబ్బా" అన్నాను. "నొప్పి ఎంతనో తెల్వని చెయ్యి మిషన్ పట్టద్దు" అంది. ఇప్పటికీ మొదటి దెబ్బకు పేషెంటు ఉలిక్కిపడితే నాకు విసుగు రాదు.

ఇక రాజేశ్వరి సంగతి. మంథని వైపు ఊరు ఆమెది. నలభై దాటిన మనిషి. భర్త మల్లేశానికి దుబాయ్‌లో పని. ఒక సోమవారం వచ్చి, ఎదుట కూర్చుని, ఫోను తీసి మేడం చేతికిచ్చింది. ఫోనులో ఒకామె ఫొటో. ఒలిచిన కోడిగుడ్డులా నున్నటి చెంపలు, మచ్చా మరకా లేదు. మేడం ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"ఎవలమ్మా గీమె? మీ చెల్లెనా?"

"నేనే డాక్టరమ్మా. నా బిడ్డ ఫోన్‌ల ఏదో నొక్కింది. నొక్కితే గట్ల కనబడుత. గా ఫోటోలే ఆయనకు పంపుత. ఇన్నేండ్ల సంది మా ఆయన గామెతోనే మాట్లాడుతుండు. గిప్పుడు దుబాయ్ ఇడిసిపెట్టి మొత్తానికే వస్తుండు. ఆదివారం పొద్దుగాల దిగుతడు. తలుపు తీస్తే నేనుంట. గామె ఏదని అడిగితే ఏం చెప్పాలె?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. మేడం చెంపల మీద ఉన్నటువంటి మంగే ఆమె చెంపల మీదా ఉంది. భర్త ఇంటికొస్తున్నాడని సంతోషపడాల్సిన మనిషి, దొంగతనం బయటపడబోతున్నట్టు కూర్చుంది. నాకు జాలేసింది.

"నాకు వేరే ఏం వద్దు. గీ ఫోన్‌ల మొఖం గావాలె" అంది.

"గియ్యాల లేజర్ కొడితే ఆదివారానికి మొఖం కమిలిన వంకాయ లెక్క అయితది. నాకాడ మంత్రమే ఉంటే, నా మొఖం గిట్లుంటదా?"

"ఎదురుంగ ఉన్నోళ్లు చేస్తమన్నరు."

"అంటరు. నువ్వు శుక్రవారం దాక ఆగు. గీ మందు పెట్టు, ఎండకు మొఖం చూపకు. శుక్రవారం గూడ నీకు గక్కడికే పోవాలనిపిస్తే, నేనే దగ్గరుండి తోలుకపోత."

శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండా జనం. రాజేశ్వరి కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా స్కార్ఫ్ చుట్టుకుని వచ్చి ఒక మూలన కూర్చుంది. కాసేపటికి ఒకాయన వచ్చాడు. నెత్తిన టోపీ, మూతికి మాస్కు, కళ్లకు నల్లద్దాలు. నా బల్ల మీదికి వంగి గుసగుసలాడాడు.

"అక్కా, ఇంట్ల చెప్పకుంట ముందుగాల్నే దిగిన. ఎల్లుండి ఇంటికి పోవాలె. అప్పటికి జర మనిషి లెక్క చెయ్యుండ్రి. ఏసీల కూసునే పని అని ఇంట్ల చెప్పిన. ఎండల గోడలు కట్టుకుంట ఉన్న."

పేరు మల్లేశం అన్నాడు. మా జిల్లాలో రాయి విసిరితే ఎవరో ఒక మల్లేశానికి తగులుతుంది కాబట్టి నాకే అనుమానమూ రాలేదు. ఆయన వెళ్లి, ఖాళీగా ఉన్నదని, రాజేశ్వరి ఎదుటి కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన్ను ఆమె చూసింది. ఆమెను ఆయన చూశాడు. ఇద్దరూ మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు.

అంతలో ఆమెకు ఏమనిపించిందో, ఫోను తీసి నంబరు నొక్కింది. ఎదుటాయన జేబులో ఫోను మోగింది. ఆయన కంగారుగా గోడ వైపు తిరిగి ఎత్తాడు. అప్పుడే ఎవరి పిల్లాడో హాలు దద్దరిల్లేలా ఏడుపు మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్ రాజీ?"

"కొండగట్టు అచ్చిన. దండం పెట్టుకుంటున్న. నువ్వు?"

"ఈడ్నే, కంపెనీల. ఏసీకి సలి పెడుతున్నది. గా పొరగాడెవలు ఏడుస్తుండు?"

"గుడికాడ పిల్లలు. నీకాడ గూడ ఏడుస్తుండు గదా?"

"మా సేటు కొడుకు."

ఈ మాటలన్నీ హాల్లో అందరికీ ఇటునుంచీ అటునుంచీ వినిపిస్తున్నాయి. వాళ్లిద్దరికీ కూడా వినిపించాయి. మెల్లగా తలలు తిరిగాయి. ఫోన్లు చెవుల దగ్గరే ఉన్నాయి. పిల్లాడు కూడా ఏడుపు ఆపేశాడు. రాజేశ్వరి స్కార్ఫును ఇంకా గట్టిగా బిగించుకుంది. మల్లేశం మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు. ఇద్దరూ ఒకేసారి లేచి తలుపు వైపు నడిచారు.

నేను పరుగున వెళ్లి మేడంకు చెప్పాను. ఆమె బయటికొచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏడికి? ఇద్దరు లోపటికి రాండ్రి. లోపట లైటు మంచిగున్నది."

మా క్లినిక్‌లో చర్మాన్ని పరీక్షించే దీపం ఒకటి ఉండేది. దాని కింద మహారాణి మొహం కూడా మెట్ట చేనులా కనిపిస్తుంది. ఆ దీపం కింద ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మేడం అంది.

"తియ్యుండ్రి. గీ లైటు కింద చూసుకున్నంక ఇగ దాచేదేం ఉండది. భయపడితే గిక్కడ్నే భయపడుండ్రి, నేనున్న."

ముందు ఆయన తీశాడు. ఎండకు మాడి నల్లబడిన మొహం, పొట్టు లేచిన ముక్కు, కళ్లద్దాలు ఉన్నచోట మాత్రం తెల్లటి గుండ్రాలు. ఆమె చాలాసేపు తీయలేదు. మేడం భుజం మీద చెయ్యి వేశాక తీసింది. మల్లేశం చూశాడు.

"గిదేందే రాజీ, మంగు. మా అవ్వకు గూడ గిట్లనే ఉండె" అన్నాడు. గామె ఏదని అడగలేదు.

రాజేశ్వరి ఆ మాట విన్నట్టే లేదు. లేచి వెళ్లి, పొట్టు లేచిన ఆయన ముక్కును వేలితో ముట్టుకుంది.

"ఏసీల ఉన్ననంటివి గదనయ్యా" అని భోరుమంది. ఆయనా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మేడం ఒక్కతే ఏడవకుండా, ఎండ తగలకుండా రాసుకునే మందు చెరొక ట్యూబు చేతుల్లో పెట్టింది.

బయటికి వచ్చాక వాళ్లు స్కార్ఫూ మాస్కూ చేతిలోనే పట్టుకుని, మొహాలెత్తుకుని మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద బస్టాండు వైపు నడవసాగారు. చూడ ముచ్చటగా ఉంది అనుకునేలోపే, మేడం మెట్ల మీదికి ఉరికి అరిచింది.

"మీ సంబురం పాడుగాను! ఎండ కొడుతున్నది, మొఖాలు కప్పుకోండ్రి!"

నిరుడు ఎండాకాలంలో విమల మేడం పోయింది. గుండె ఆగిపోయింది. నేను వెళ్లేసరికి హాల్లో అద్దాల పెట్టెలో పడుకోబెట్టడానికి సిద్ధం చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మేనకోడలు ప్రేమగా, ఏడుస్తూనే, ఆమె మొహానికి మేకప్ చేసింది. చెంపలు నున్నగా, తెల్లగా ఉన్నాయి. నాకెందుకో దుఃఖం రాలేదు, కూర్చుండిపోయాను. మంథని నుంచి రాజేశ్వరి, మల్లేశం వచ్చారు. రాజేశ్వరి లోపలికి వచ్చి, చూసి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"వేరేటోళ్ల ఇంటికి అచ్చినమయ్యా. గీమె మన డాక్టరమ్మ గాదు" అంది.

అప్పుడు నేను లేచి దూది తడుపుకొచ్చి మేడం చెంపలు తుడిచాను. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఏం చేస్తున్నారు? మచ్చలు కనిపిస్తాయి!"

"కనబడనియ్ అమ్మా" అన్నాను.

ఎడమ చెంప, కుడి చెంప, ముక్కు దూలం. తుడిచిన చోటల్లా మంగు తేలింది. రాజేశ్వరి దగ్గరికొచ్చి వంగి చూసి, "ఆ, గిప్పుడు అచ్చింది" అని, పెట్టె పక్కన కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. నాకు కూడా అప్పుడే ఏడుపొచ్చింది.

ఈ మధ్య నా చెంపల మీద కూడా మంగు మొదలైంది. ఎండలో తిరిగే బతుకు, వంశంలో పెద్దమ్మ ఉండనే ఉంది. మందు రాస్తున్నాను, గొడుగు పడుతున్నాను. క్లినిక్ యజమాని మాత్రం పేషెంట్ల ముందు బాగుండదని, కప్పిపుచ్చే క్రీము ఒకటి కొనిచ్చాడు. దాని మూత ఇంకా తీయలేదు. నిన్న ఒకామె మిషన్ కింద పడుకుని, నల్లద్దాలు పైకెత్తి నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"గిదేంది నర్సమ్మా, నీకే ఉన్నది? ఎవలి పోలిక?"

"మా మేడం పోలిక" అని చెప్పాను.