మసకేసిన కన్ను

వన్ టౌన్‌లో చేపలమ్మే కొండలమ్మకు ఎవరి మాట మీదా నమ్మకం లేదు. టీ కొట్టులో గ్లాసు కూడా వాసన చూశాకే నోటి దగ్గర పెట్టుకుంటుంది. సరుకు తెచ్చినవాడు ఎంత ఒట్టేసినా ముందు చేప కన్ను చూస్తుంది. అది మసకేసి ఉంటే, "లోపల ఒళ్ళు చెడిందయ్యా, నాకంటగట్టకు" అని బుట్ట వెనక్కి నెట్టేస్తుంది.

ఎడమ కన్ను ఎర్రబడి చూపు తగ్గేసరికి ఆమెకు ఆస్పత్రికి వెళ్ళక తప్పలేదు. కంటి డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, "ఒంట్లో ఎక్కడైనా పుండుందా అమ్మా? జ్వరం వస్తోందా?" అని అడిగింది. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టిన చేతిని కొండలమ్మ చప్పున కొంగు కిందికి లాక్కుంది.

"కంటికని వత్తే ఒళ్ళంతా ఆరా తీత్తారేంటండీ?"

"పుండులోని క్రిములు రక్తంలో కలిసి కంటికి చేరతాయమ్మా. ఆలస్యమైతే చూపు దక్కదు."

కొండలమ్మ నమ్మలేదు. గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి, రెప్ప పైకెత్తి, తన కన్ను తానే చూసుకుంది. నల్లగుడ్డు మీద తెల్లగా మసక పరుచుకుని ఉంది. తర్వాత వచ్చి కూర్చుని, కొంగు కింది నుంచి చెయ్యి బయటికి తీసి, కట్టిన గుడ్డ విప్పసాగింది.

"ఇట్టాంటి కన్నున్న చేపని నేను తట్టలో ఏసుకోనండి."