అంతా పిన్నులోనే ఉంది

ఈ లోకంలో ఏది చెడినా దానికి కారణం ట్రిగ్గర్ పిన్ను వదులవడమేనని ఎల్వుడ్ స్ట్రూబుల్ గట్టి నమ్మకం. రైఫిల్ గురి తప్పితే పిన్ను. సరే, తుపాకులు బాగుచేసేవాడు కనక ఆ మాట అన్నాడనుకోవచ్చు. కానీ పాస్టరుగారి ప్రసంగం గంటంబావు సాగినా పిన్నే. భార్య ఆర్లీన్ కాల్చిన యాపిల్ 'పై' రొట్టె అడుగంటినా పిన్నే. ఒకసారి పక్కింటి గొర్రె కవలల్ని కంటే, అది శుభవార్త అని కూడా చూడకుండా "ఎక్కడో పిన్ను జారింది" అన్నాడు.

ఇంతకీ ఆ పిన్ను ఎంత? అగ్గిపుల్లలో సగం. తుపాకి మీటని లోపల కదలకుండా పట్టి ఉంచే చిన్న ఉక్కు ముక్క. కంపెనీవాడు పెట్టిన పిన్ను తాతనుంచి మనవడిదాకా పనిచేస్తుంది, జన్మలో ఎవరూ దాని మొహం చూడరు. ఎల్వుడ్ మాత్రం పాత దగ్గుబిళ్లల డబ్బా నిండా కొత్తరకం పిన్నులు పోసుకుని కోటు జేబులో గలగలలాడిస్తూ తిరిగేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక టూత్‌పిక్. ఆ పుల్ల ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారిందంటే తీర్పు రాబోతోందన్నమాట.

"ఎల్వుడూ, తూటాలు కావాలి" అని ఎవరైనా ఆయన షెడ్డుకి వెళ్తే కథ ఇలా నడిచేది.

"తూటాల సంగతి తర్వాత. పిన్ను ఎలా ఉంది?"

"బానే ఉంది."

"అందరూ అలాగే అంటారు. మా పెదనాన్న కూడా గుండె బానే ఉందనేవాడు."

"ఆయనకి ఏమైంది?"

"ఏమీ కాలేదు. తొంభైరెండేళ్లు. కానీ పిన్ను చూపించుకోలేదన్న బెంగతోనే బతుకుతున్నాడు."

తూటాల కోసం వచ్చినవాడు పిన్నుతో ఇంటికెళ్లేవాడు. ఎల్వుడ్ డబ్బు అడిగేవాడు కాదు. బీట్‌రూట్ రసంలో ఊరేసిన కోడిగుడ్ల జాడీ ఒకటి ఇస్తే చాలు. పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లో ఆ ఎర్రగుడ్లు ఊరెయ్యని ఇల్లు లేదు, అయినా ఎల్వుడ్ తిన్నన్ని తిన్న మనిషి మాత్రం ఇంకొకడు లేడు.

ఈ పిన్నుల పిచ్చి వల్ల అందరికంటే ఎక్కువ లాభపడ్డవాడు గ్లెన్ ఫెటరాఫ్. యాభైఎనిమిదేళ్ల గ్లెన్ స్కూలు బస్సు నడుపుతాడు. భార్య పోయాక ఏడాదిలో మూడువందల యాభై రోజులు ఒక్కడే వండుకుని ఒక్కడే తింటాడు. మిగిలినవి జింకల వేట క్యాంపు రోజులు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన శనివారం నుంచి రెండు వారాలు, అడవిలో ఒకే గదిలో తొమ్మిది మంచాలు, తొమ్మిదిమంది మగవాళ్లు, తొమ్మిది రకాల గురకలు. పొద్దున్నే ఎవడో ఒకడు "లేవరా దున్నపోతా" అని చేతికి కాఫీ ఇస్తాడు. ఆ ఒక్క తిట్టు కోసం గ్లెన్ ఏడాదంతా ఎదురుచూసేవాడు.

ఆ క్యాంపుకి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకుతో కొడతారు. తుపాకిదే తప్పని తేలితే మాత్రం చొక్కాకి క్షమాభిక్ష. ఇది మొదటిది. రెండోది తలుపు మీద క్యాంపు పెద్ద హైరమ్ బోవర్ తండ్రి చేత్తో చెక్కిన వాక్యం: "వేటాడనివాడికి మంచం లేదు." ఎప్పుడు ఏ మంచం ఖాళీ అవుతుందా అని ఊళ్లో పదకొండుమంది కాచుకుని కూర్చున్నారు.

గ్లెన్‌కి వచ్చిన చిక్కల్లా ఈ రెండోదానితోనే. మూడేళ్ల కిందట, జింక ఎదురుగా నిలబడి ఉండగా, వేలు మీట మీద ఉండగా, వాడికి పెద్ద తుమ్ము వచ్చింది. జింక పారిపోలేదు. గడ్డి నములుతూ తలెత్తి "చిరంజీవ" అన్నట్టు చూసింది. అలా దీవించినదాన్ని ఎలా కాలుస్తాడు? ఆనాటినుంచి ఏ జింకనీ కాల్చలేకపోయాడు. పోనీ, ఏమీ కనపడలేదని చెబుదామా అంటే, ఒకప్పుడు క్యాంపులో మొదటి గురికాడు కనక హైరమ్ వాడిని జింకలు బారులుతీరి నడిచే దారి మీదే కూర్చోబెట్టేవాడు. అందుకని ఏటా ఒక తూటా ఎదురుగా ఉన్న మట్టిగట్టులోకి పేల్చి, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు.

మొదటిసారి హైరమ్ కత్తెర తీశాడు. "నలభై అడుగుల్లో తప్పావా? తిరుగు, చొక్కా ఇటివ్వు!"

"ఆగండి!" అంటూ ఎల్వుడ్ గుడ్డు నోట్లో ఉండగానే లేచాడు. "పిన్ను!"

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!" అన్నాడు హైరమ్.

"మద్దెలకి పిన్ను ఉండదు, అందుకే దాన్ని తప్పుపట్టకూడదు. తుపాకికి ఉంటుంది." ఎల్వుడ్ రైఫిల్ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, కళ్లు మూసుకున్నాడు, పుల్ల బుగ్గ మారింది. "పాపం, ఎంత బాధపడుతోందో. తమ్ముడూ, క్యాంపు అవగానే నా షెడ్డుకి తీసుకురా."

గ్లెన్ చొక్కా బతికింది. మరుసటేడు కొత్త ఉక్కు పిన్నుతో వచ్చాడు, మళ్లీ తప్పాడు. ఆ పైయేడు టైటానియం పిన్ను. మళ్లీ తప్పాడు. "లోహం పడటంలేదు" అన్నాడు ఎల్వుడ్, అచ్చం డాక్టరు మందు మార్చినంత గంభీరంగా. గ్లెన్‌కి లోపల పీకుతూనే ఉండేది. పాపం, ముసలాయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు, నేనేమో ఆయన వెర్రిని అడ్డం పెట్టుకుని మంచం కాపాడుకుంటున్నాను అనుకునేవాడు. ఆ సిగ్గుతో రెండు జాడీలు ఎక్కువ గుడ్లు ఇచ్చేవాడు.

ఈ యేడు ఖాళీ అయిన ఒక మంచానికి హైరమ్ అల్లుడు ట్రెంట్ కొత్తగా వచ్చాడు. ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మిషను మీద పని. వెంట్రుక మందం కొలిచే మైక్రోమీటర్ లేకుండా బాత్రూముకి కూడా వెళ్లడు. వచ్చిన గంటలోనే ఎల్వుడ్‌తో తగులుకున్నాడు.

"బాబాయ్, ఏమనుకోకు. ఈ కొత్త పిన్నులన్నీ దండగ. కంపెనీ పిన్ను ఊడిపోగా నువ్వు చూశావా?"

"నేను చూసేలోపే ఊడిపోతుంది. అదే దాని గొప్ప."

"లెక్కలు చూపించు!"

"లెక్కలు చూపిస్తే అది సైన్సు అవుతుంది. నాది అనుభవం."

తొలిరోజు మధ్యాహ్నం గ్లెన్ రైఫిల్ ఒక్కసారి పేలింది. కొండంతా విన్నది. సాయంత్రం భోజనాల దగ్గర హైరమ్ కత్తెర టకటకలాడించాడు, ఎల్వుడ్ "పిన్ను!" అన్నాడు. అందరూ నవ్వి మళ్లీ కూర మీద పడబోయారు.

"ఒక్క నిమిషం మామయ్యా" అన్నాడు ట్రెంట్. "ఇందులో కిందటి నెల మేలిరకం పిన్ను వేశానని బాబాయే చెప్పాడు. తీసి చూద్దాం."

గ్లెన్ చేతిలో చెంచా ఆగిపోయింది. ట్రెంట్ తుపాకి ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, చిన్న సుత్తితో పిన్ను బయటికి తట్టాడు. మైక్రోమీటర్‌లో పెట్టి కొలిచాడు. దీపానికి పట్టి చూశాడు.

"ఇది మేలిరకమూ కాదు, నా మొహమూ కాదు. తుపాకితో పుట్టిన పిన్నే. కంపెనీ గుర్తు కూడా చెదరలేదు. నిటారుగా ఉంది, బిగుతుగా ఉంది, ఏ లోపమూ లేదు."

"మరైతే నలభై అడుగుల్లో ఎలా తప్పావురా గ్లెనూ?" అన్నాడు హైరమ్. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగాడు. "నాలుగేళ్లుగా ఎలా తప్పుతున్నావు?"

గ్లెన్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తలుపు మీది వాక్యం కంటికి రెండింతలై కనపడింది. వాడి మంచం, వాడి కాఫీ, "లేవరా దున్నపోతా", అన్నీ ఆ అగ్గిపుల్లంత ఇనుముకి వేలాడుతున్నాయి. ఇక చెప్పేద్దామని నోరు తెరిచాడు.

ఈలోగా ఎర్రగుడ్ల జాడీ దబ్బున బల్ల మీద పడింది.

"తప్పు నాది!" ఎల్వుడ్ లేచి నిలబడ్డాడు. "పిన్ను మార్చబోతే సుత్తి జారి, పైన గురిచూసే గొట్టం ఉందే, ఆ స్కోపుకి తగిలింది. గురి పక్కకి పోయింది. పిన్ను కూడా వెయ్యకుండా మూసేసి ఇచ్చేశా. చెప్పడానికి సిగ్గేసింది."

"నాలుగేళ్లూ సుత్తి జారిందా?"

"ప్రతి ఏడూ. ముసలిచెయ్యి కదరా!"

గది గొల్లుమంది. నలభయ్యేళ్లుగా ఆ కొండల్లో ప్రతి తుపాకినీ తాకిన చెయ్యి, నాకు పని రాదని ఎనిమిదిమంది వేటగాళ్ల ముందు తనంతట తనే ఒప్పుకుంది. ట్రెంట్ బల్ల చరిచాడు. "అంటే నీ పిన్నుల సిద్ధాంతం పోయినట్టే కదా బాబాయ్?"

"పోవడమేమిటి? సుత్తి ఎందుకు జారింది? దాని పిడిలో పిన్ను వదులైంది!"

తప్పు తనదేనన్నాడు కనక చొక్కా ఎల్వుడ్‌దే పోయింది. ఆర్లీన్ కుట్టిన ఎర్రగళ్ల ఉన్ని చొక్కా. వీపు చలికి వదిలేసి, గోడ మీది ముక్కని చూసి "రంగు బాగుంది" అని మెచ్చుకుంటూ ఇంకో గుడ్డు తిన్నాడు.

గ్లెన్‌కి మాత్రం అన్నం సయించలేదు. కిందటి వారమే వాడు పెరట్లో కంచె మీద డబ్బా పెట్టి అదే స్కోపుతో మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లూ తగిలింది. స్కోపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ముసలాయన పచ్చి అబద్ధం చెప్పాడు.

మర్నాడు ఎండెక్కాక గ్లెన్ వేటగాళ్లు దూరానికి కనపడాలని వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని ఎల్వుడ్ కూర్చునే చోటికి నడిచాడు. అది పాడుబడ్డ యాపిల్ తోట. అక్కడికి ఒక్క జింకా రాదని ఎల్వుడ్ పంతొమ్మిదేళ్లుగా ప్రచారం చేస్తున్నాడు కనక ఇంకెవరూ ఆ వైపు వెళ్లరు. గ్లెన్ వెళ్లేసరికి ఆయన మొద్దుకి ఆనుకుని గుడ్డు తింటున్నాడు. చుట్టూ ఆరు జింకలు రాలిన యాపిల్ పళ్లు తింటున్నాయి. ఒకటి ఆయన బూటు వాసన చూస్తోంది.

"అన్నా" అన్నాడు గ్లెన్ మెల్లగా. "నీకు తెలుసా?"

"ఏది?"

"నేను కావాలనే తప్పుతున్నానని."

"నలభై అడుగుల్లో నువ్వు తప్పడమా? మొదటి రోజే తెలుసు."

"మరి ఆ పిన్నులు?"

"ఒక్కటి కూడా వెయ్యలేదు. నీ పిన్ను బంగారం. దాన్నెందుకు తీస్తాను, మతి ఉన్నవాణ్ణి కదా!"

గ్లెన్ పక్కన కూలబడ్డాడు. తుమ్ము కథంతా చెప్పాడు. ఎల్వుడ్ నవ్వకుండా విన్నాడు. విని తన రైఫిల్ వాడి ఒళ్లో పెట్టాడు. "తూటా లేదు, చూసుకో. ఇప్పుడు పిన్ను తియ్యి."

గ్లెన్ వేలితో నొక్కితే అది సుత్తి అవసరం లేకుండానే జారి అరచేతిలో పడింది. టూత్‌పిక్ ముక్క.

"దీంతో పేలదు కదన్నా!"

"పంతొమ్మిదేళ్లుగా పేల్లేదు. నేను చెప్పానా లేదా? అంతా పిన్నులోనే ఉంది!" ఎల్వుడ్ పుల్ల బుగ్గ మారింది. "నీ జింక నువ్వు తుమ్మితే చూసింది. నా జింక తనే తుమ్మింది. నోరూరుకోక 'చిరంజీవ' అనేశా. దీవించినవాణ్ణి, మళ్లీ కాల్చేదెలా?"

నవ్వు ఆపుకోలేక గ్లెన్‌కి కళ్లలో నీళ్లొచ్చాయి. జింకలు నమలడం ఆపి, ఈ ఇద్దరికీ ఏమైందా అని చూసి, మళ్లీ పళ్ల మీద పడ్డాయి.

"ఇంతకీ ఆ కొత్త పిన్నులు కొనడం దండగేనా?" అన్నాడు గ్లెన్ కళ్లు తుడుచుకుంటూ.

"తుపాకికైతే శుద్ధ దండగ. ట్రెంట్ చెప్పింది అక్షరాలా నిజం. వాడితో అనకు."

"నాలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?"

"రోగి గుట్టు వైద్యుడు చెప్పకూడదు" అన్నాడు ఎల్వుడ్, డబ్బా జేబులో గలగలలాడించి.

మూడోరోజు మధ్యాహ్నం ట్రెంట్ రైఫిల్ పేలింది. అల్లుడికి మొదటి జింక పడిందనుకుని, చప్పుడు వినగానే హైరమ్ క్యాంపులో గంట కొట్టాడు. ట్రెంట్ ఉత్తచేతులతో వచ్చాడు. నేరుగా గదిలోకి రాకుండా కట్టెల మోపు వెనక ఎల్వుడ్ దగ్గరికి వెళ్లాడు. కట్టెలు ఎత్తుతున్న గ్లెన్‌కి అంతా వినపడింది.

"బాబాయ్..."

"చెప్పు."

"దానికి కనురెప్పలున్నాయి బాబాయ్. పొడుగాటివి."

"ఉంటాయి."

"నా పిన్ను కాస్త వదులుగా ఉన్నట్టుంది."

ఎల్వుడ్ మొహంలో ఒక్క ముడత కదల్లేదు. "మైక్రోమీటర్ పెట్టి చూశావా?"

"చూళ్లేదు. చూడను కూడా."

డబ్బా మూత తెరుచుకున్న చప్పుడైంది. "ఇదిగో, ఇది బంగారు పూతది. నీలాంటి చదువుకున్న కేసులకి బాగా పనిచేస్తుంది."

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరాక హైరమ్ కత్తెర తీశాడు. అల్లుడని చూస్తే క్యాంపు పరువు పోతుందని లేచాడు. ట్రెంట్ చొక్కా అంచు చేత్తో పట్టుకున్నాడు. ఎల్వుడ్ నోటినిండా గుడ్డు, మాట పెగలడంలేదు.

"ఆగండి!" అంటూ గ్లెన్ ఒక్క ఉదుటున లేచాడు. ట్రెంట్ రైఫిల్ తీసుకుని చెవి దగ్గర ఊపాడు. కళ్లు మూసుకుని, పెదవి విరిచి, తలాడించాడు. వాడి పెదవుల మధ్య ఎప్పుడు చేరిందో ఒక టూత్‌పిక్ ఉంది, అది ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారింది.

"పిన్ను" అన్నాడు.

హైరమ్ కత్తెర పట్టుకుని వాడినీ, ఎల్వుడ్‌నీ, అల్లుడినీ మార్చి మార్చి చూసి, "ఈ పిచ్చి అంటువ్యాధిలా ఉందే!" అంటూ కూర్చున్నాడు. ఎల్వుడ్ గుడ్డు మింగి, గొంతు సవరించుకుని, ఎర్రగుడ్ల జాడీని మొట్టమొదటిసారి ఇంకొకరి వైపు, గ్లెన్ వైపు, జరిపాడు.